బొమ్మ పెదవి – మనిషి పలుకు

మిరప కోతల కాలమున గుంటూరు సీమ పల్లెలకు సాయంకాలము వేరొక రంగు వచ్చును. కల్లములలో ఎఱ్ఱగా పరచిన కాయల ఘాటు వీథులలోనికి వ్యాపించియుండును. పనికి పోయినవారు కాళ్లు చేతులు కడుగుకొని వసారాలలో చేరుదురు. కొన్ని సంవత్సరముల క్రిందట ఇట్టి ఒక సాయంకాలమున మేము చిలకలూరిపేటకు సమీపమునగల ఒక గ్రామమున బంధువుల ఇంట కూర్చుండియుంటిమి. టెలివిజనులో ఒక బొమ్మల చిత్రము నడచుచుండెను. అందు ఒక ఎలుగుబంటి తెలుగున మాటలాడుచుండెను. పిల్లలు కన్నార్పక చూచుచుండిరి. వారి వెనుక, చెవులు మందగించిన ముసలమ్మ ఒకతె కూర్చుండి ఆ ఎలుగుబంటి నోటివంకనే చూచుచుండెను. కొంతసేపటికి ఆమె విసిగి, ‘‘దాని నోరొకటి అంటంది, మీరొకటి ఇంటన్నారు. ఇంక నాకేం అర్థమయిద్దిరా?’’ అని లేచి లోపలికి పోయెను.

పిల్లలు నవ్విరి. మేమును నవ్వితిమి. కాని తరువాత ఆ మాట మమ్ము విడువలేదు. ఆ ముసలమ్మ చెవితో వినుటలేదు, పెదవిని చదువుచున్నది. ఇంటివారి మాటలను ఆమె ఎన్నో ఏండ్లుగా అట్లే గ్రహించుచున్నది. మనుష్యులు మాటలాడునప్పుడు తెలిసికొనగలిగిన ఆమెకు బొమ్మ మాటలాడునప్పుడు ఏమియు తెలియలేదు. అనగా ఆ బొమ్మ తెలుగు వినిపించుచున్నదేకాని తెలుగు మాటలాడుటలేదు. బొమ్మ పెదవికిని మనిషి పలుకునకును పొత్తు కుదుర్చుట ఎట్లు? అది కుదరనిచో కలుగు నష్టమేమి? ఈ రెండు ప్రశ్నలే నేటి మా ప్రసంగమునకు విషయము.

ఈ ప్రశ్న సినిమాతో పుట్టినది కాదు. మన సీమలోనే దీనికి మిక్కిలి పాత సమాధానము ఒకటి కలదు. నరసరావుపేట ప్రాంతమున తోలుబొమ్మలాట వారి కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఈ ఆటవారిలో పెక్కురు ఇంట ఆరె మరాఠీ మాటలాడుదురు. తెర కట్టిన పిదప మాత్రము తెలుగున రామాయణము పాడుదురు. రంగనాథ రామాయణ ద్విపదలు వారి నాలుకలమీద నిలిచియున్నవి. తోలును పలుచన చేసి, రంగులద్ది, అవయవములను వేరువేరుగా కత్తిరించి ముడివేసిన ఆ బొమ్మలకు తల కదలును, భుజము కదలును, మోచేయి కదలును. నోరు మాత్రము కదలదు. అయినను రావణుడు గర్జించునప్పుడు ఆ గర్జన రావణునిదే యనియు, సీత దుఃఖించునప్పుడు ఆ దుఃఖము సీతదే యనియు ప్రేక్షకునకు సందేహము కలుగదు.

దీనికి కారణము ఒక చిన్న నియమము. మాటలాడు బొమ్మయే కదలవలెను. వినుచున్న బొమ్మ కదలరాదు. మేము చూచిన ఆటలలో పాదము ఎత్తుకొనుటకు రెప్పపాటు ముందే బొమ్మ చేయి లేచుచుండెను. పాదము ముగిసినచోట చేయి వాలుచుండెను. బొమ్మను పట్టినవాడే తరచుగా దాని మాటయు పలుకును. కావున అతని ఊపిరి, అతని మణికట్టు ఒకే వేళ కదలును. కాలిక్రింది చెక్కపలకలను త్రొక్కి అతడు పుట్టించు చప్పుడు యుద్ధమునకు తాళమగును. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి వచ్చినప్పుడు పిల్లలు విరగబడి నవ్వుదురు. వారి పెదవులు కదలలేదని ఏ పిల్లవాడును ఫిర్యాదు చేయడు. నోరు లేనిచోట దేహమంతయు నోరగును. ఈ పాఠమును మన తోలుబొమ్మలవారు సినిమా పుట్టుటకు ఎంతయో పూర్వమే నేర్చియుండిరి. 2012 లో వచ్చిన ‘ఈగ’ చిత్రమునందు ఈగయు ఒక్క మాటయైన ఆడదు. కాళ్లతో, తలతో, రెక్కలతో తన పగను మనకు తెలుపును. అదియు ఈ పాత పాఠమే.

చిక్కు ఎక్కడ మొదలగుననగా, బొమ్మకు కదలు నోరు పెట్టిన క్షణమున. నోరు లేని బొమ్మను మనము క్షమింతుము. తప్పుగా కదలు నోటిని క్షమింపము. నోరు తెరచి చూపినవాడు అందుండి వచ్చు మాటకు పూచీ వహింపవలెను.

పాశ్చాత్య దేశములలో ఈ పూచీ 1920 తరువాతి సంవత్సరములలో చిత్రకారుల మీద పడినది. 1928 నవంబరు 18 న న్యూయార్కులో ప్రదర్శింపబడిన వాల్ట్ డిస్నీ ‘స్టీమ్‌బోట్ విల్లీ’ బొమ్మల కదలికకును సంగీతమునకును గట్టి ముడివేసి లోకమును ఆశ్చర్యపరచినది. అంతకు ముందే ఫ్లైషర్ సోదరులు ధ్వనితో కూడిన బొమ్మల చిత్రములను ప్రయత్నించియుండిరి. మాటల విషయమున రెండు మార్గములు ఏర్పడినవి. మొదటిది, ముందు మాటను రికార్డుచేసి, దానిని వినుచు బొమ్మ నోటిని గీయుట. రెండవది, ముందు బొమ్మను గీసి, తెరమీద దాని నోరు చూచుచు మాట పలుకుట. డిస్నీవారు మొదటి మార్గమును అనుసరించిరి. ఫ్లైషరువారి పొపాయి బొమ్మలకు చాలకాలము మాటలు వెనుకనుండి వచ్చినవి. అందుచేతనే ఆ నావికుడు పెదవి కదలకయే ఏదియో గొణుగుచుండును.

ఇంగ్లండులో 1960 లో ప్రసారమైన ‘ఫోర్ ఫెదర్ ఫాల్స్’ తోలుబొమ్మలవారు విన్నచో ముచ్చటపడవలసిన ఒక ఉపాయమును చూపినది. అందలి తీగబొమ్మల తలలలో చిన్న విద్యుదయస్కాంతములను అమర్చిరి. టేపుమీద రికార్డయిన మాటనుండి పుట్టిన విద్యుత్తు ఆ అయస్కాంతమును తట్టగా బొమ్మ క్రింది పెదవి కదలును. 1965 నాటి ‘థండర్‌బర్డ్స్’ బొమ్మలును ఇట్లే మాటలాడినవి. మాట పుట్టినప్పుడు నోరు కదలుట, మాట ఆగినప్పుడు నోరు ఆగుట ఇందు చక్కగా కుదిరినది. కాని ఆ పెదవికి ‘ఆ’ అన్నను, ‘ఊ’ అన్నను భేదము తెలియదు. వేళ తెలిసిన పెదవియే కాని అక్షరము తెలిసిన పెదవి కాదు.

మన దేశమున రెండవ మార్గము డబ్బింగు అను పేర ప్రసిద్ధమైనది. 1950 లో వచ్చిన ‘ఆహుతి’ హిందీ చిత్రమునకు తెలుగు మాటలు కూర్చి వెలువరించిన తొలి డబ్బింగు చిత్రము. మాటలును పాటలును వ్రాసినవారు శ్రీశ్రీ. తెరమీది హిందీ పెదవి ఎచ్చట మూసికొనునో చూచి, అచ్చట మూసికొను తెలుగు అక్షరమును వెదకి తెచ్చుట ఆ పని. యతిప్రాసలు తెలిసిన కవికి ఇది క్రొత్తది కాదు; నియమిత స్థానమున నియమిత వర్ణమును నిలుపుట మన పద్యవిద్యయే కదా.

పలికినవారిలోను మన సీమవారు కలరు. తెనాలికి సమీపమునగల మోరంపూడిలో జన్మించిన కొంగర జగ్గయ్యగారు ఢిల్లీ ఆకాశవాణి నుండి తెలుగు వార్తలు చదివిరి, సినిమా నటులైరి, 1967 లో ఒంగోలు నుండి లోక్‌సభకు ఎన్నికైరి. శివాజీ గణేశన్ నటించిన తమిళ చిత్రములు తెలుగునకు వచ్చినప్పుడు అనేక పర్యాయములు ఆ నోటికి పలుకైనది జగ్గయ్యగారి కంఠమే. ఒకరి పెదవి, మరియొకరి కంఠము కలిసి ఒక మనిషియైనట్లు ప్రేక్షకులు నమ్మిరి. ఆ కాలమున చిత్రపు ముక్కను చుట్టగా అతికి, మరల మరల త్రిప్పుచు, సరిపడు వరకు పలికెడివారు. ఆ నమ్మకము వెనుక అంత ఓపిక కలదు.

ఇక ఈ విద్యయొక్క లెక్క చూతము. సినిమా తెరమీద సెకండునకు 24 ఫ్రేములు గడచును. బొమ్మల చిత్రకారుడు తరచుగా రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున గీయును. నాలుగు నిమిషముల చిత్రమునకు 5,760 ఫ్రేములు. రికార్డయిన మాటను చిత్రకారుడు ముక్కముక్కగా విని, ఏ ఫ్రేమునందు ఏ ధ్వని యున్నదో ఒక పట్టికలో వ్రాసికొనును. ఆ పట్టికను చూచి నోటి ఆకారమును మార్చును. అక్షరమునకు ఒక ఆకారము చొప్పున అక్కరలేదు. కంటికి భేదము తెలియు ఆకారములు ఎనిమిదియో, పదియో చాలును.

ఏ ధ్వనికి ఏ ఆకారము? ఈ ప్రశ్నకు మన శిక్షాశాస్త్రములు ఏనాడో దారి చూపినవి. కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని మనము బడిలో వల్లెవేసిన విభాగము నోటియొక్క పటమే. చిత్రకారునకు కావలసినది దానిలో పైకి కనబడు భాగము. ప, ఫ, బ, భ, మ వర్ణములకు పెదవులు పూర్తిగా మూసికొనును. ఉ, ఊ, ఒ, ఓ స్వరములకు గుండ్రనగును. ఇ, ఈ, ఎ, ఏ స్వరములకు ప్రక్కలకు సాగును. ఆకారమునకు దవడ దిగును. త, ద, న, ల వర్ణములకు పండ్ల సందున నాలుక తళుక్కుమనును. ట, డ, ణ, ళ వర్ణముల పని లోపలనే జరిగిపోవును. క, గ వర్ణములును అంతే. కావున లోపల జరుగువానిని వదలినను వదలవచ్చును. పెదవి మూత మాత్రము తప్పరాదు.

మన పంటలనే తీసికొందము. ‘పత్తి’ అన్నప్పుడు పెదవులు మొదట ఒకమారు మూసికొని, తరువాత పని అంతయు నాలుకది. ‘మిరపకాయ’ అన్నప్పుడు పెదవులు ‘మి’ యందొకమారు, ‘ప’ యందొకమారు మూసికొనును. ‘కా’ యందు నోరు విచ్చుకొనును. ‘ఆమె’ అను మాటకును ‘అమ్మ’ అను మాటకును పెదవి మూత ఒక్కటే. కాని ‘అమ్మ’ యందు ఆ మూత చాలసేపు నిలుచును. ద్విత్వాక్షరమును కన్ను చూడగలదు. ‘డబ్బు’, ‘అప్పు’, ‘నొప్పి’ అను మాటలలో పెదవి తొందరపడి విచ్చుకొన్నచో ఆ మాటల బరువే పోవును.

అన్నింటికన్న మోసకరమైనది మన సున్న. ‘పంపు’ అన్నప్పుడు సున్న మకారమై పెదవులు మూసికొనును. ‘మందు’ అన్నప్పుడు అదే సున్న నకారమై నాలుక పండ్లను తాకును, పెదవులు మూసికొనవు. ‘ఎండు’ అన్నప్పుడు నాలుక పైకి మడియును. ‘వంకాయ’ అన్నప్పుడు గొంతులోనికి పోవును. వ్రాతలో నాలుగును ఒకే వలయము. నోటిలో నాలుగు ఠావులు. వ్రాసిన కాగితమును చూచి బొమ్మ గీయువాడు ఇచ్చట తప్పక పడిపోవును. వినిన మాటను చూచి గీయువాడు గట్టెక్కును.

మరియొక సూక్ష్మము. ‘బ’ ధ్వని పుట్టుటకు ముందే పెదవులు మూసికొని యుండవలెను. కావున నోటి ఆకారము ధ్వనికి ఒకటి రెండు ఫ్రేములు ముందుండుట మంచిది. చెరువు అవతలి ఒడ్డున చాకలి బట్టను బండకు కొట్టుట మనము ముందు చూతుము. చప్పుడు తరువాత విందుము. ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. ఒక ఫ్రేము కాలములో సుమారు 14 మీటర్లు. లోకమున చూపు ముందు, చప్పుడు వెనుక అగుట మన ఇంద్రియములకు అలవాటు. అందుచేత మాట కొంచెము వెనుకబడినను మనస్సు సర్దుకొనును. పెదవికంటె మాట ముందు వచ్చినచో వెంటనే అబద్ధమని గుర్తించును.

కన్ను వినికిడిలో పాల్గొనునా యని సందేహించువారికి 1976 లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అను ఇద్దరు పరిశోధకులు ప్రకటించిన ప్రయోగము చాలును. ‘బ’ యను ధ్వనిని వినిపించుచు, ‘గ’ యని పలుకు పెదవులను చూపగా చాలమందికి ‘ద’ యని వినబడినది. చెవికి వచ్చినది ఒకటి, కంటికి వచ్చినది ఒకటి. మనస్సు మూడవదానిని కల్పించుకొన్నది. మా ముసలమ్మ విసుగునకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఈ విషయము పిల్లల వినోదముతోనే ముగిసిపోవునని మేమును మొదట తలచితిమి. మా తల దిగినది వేరొక సందర్భమున. ఈ సీమ పత్తికిని మిరపకును పెట్టినది పేరు. గుంటూరు సన్నము పేరు దేశాంతరములకు పోయినది. 1987–88 లో తెల్లదోమ పత్తిని పాడుచేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పడిన కష్టమును ఎవరును మరువలేదు. ఈ పంటలతో పురుగుమందు ఎట్లు పెనవేసికొనియున్నదో పొలము చూచినవారికి చెప్పనక్కరలేదు. వీపున పంపు తగిలించుకొని, ముఖమునకు ఏ అడ్డును లేక, చాళ్లవెంట నడచిపోవు కూలివానిని చూచి మేము కొందరము మిత్రులము కలిసి ఒక నాలుగు నిమిషముల బొమ్మల చిత్రమును తీయ సంకల్పించితిమి. అందు ఒక తల్లి తన కుమారునితో చెప్పు ముఖ్యమైన మాట ఇది: ‘‘మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో అబ్బాయ్.’’

కంఠము కొరకు మేము పట్టణమునకు పోలేదు. మిరపకోతకు పోవు ఒక ఇల్లాలి చేతనే ఆమె పలుకుబడిలో చెప్పించి రికార్డు చేసితిమి. ఆ మాట మూడు సెకండ్లు నడచినది. అనగా 72 ఫ్రేములు. ఛందస్సు చొప్పున లెక్కించినచో 27 మాత్రలు. అందు నాలుగు చోట్ల పెదవులు మూసికొనవలెను: ‘మందు’ లోని మకారమున, ‘కొట్టేటప్పుడు’ లోని పకార ద్విత్వమున, ‘మూతి’ లోని మకారమున, ‘అబ్బాయ్’ లోని బకార ద్విత్వమున. ఎనిమిది చోట్ల గుండ్రనగవలెను. ఈ లెక్క యేదియు అప్పుడు మాకు తెలియదు. బొమ్మ గీసిన యువకుడు ఇంగ్లీషు మాటలకొరకు ఏర్పడిన నోటి పట్టికను ఎదుట పెట్టుకొని, వ్రాతప్రతిని చూచి గీసెను. ‘మందు’ లోని సున్నకు పెదవులు మూయించెను. ‘ప్పు’ యందు మూయవలసిన పెదవిని ఒక్క ఫ్రేములోనే విప్పించెను. పైగా నోరు మాటకు మూడు నాలుగు ఫ్రేములు వెనుకబడినది.

గ్రామమున బడి ముందర తెర కట్టి చూపితిమి. చిత్రము చక్కగా నడచుచుండగా సరిగా ఆ మాటయొద్దనే జనము ఘొల్లున నవ్విరి. ‘‘ఆ బొమ్మ నోట్లో తమలపాకు ముద్దుందిరోయ్!’’ అని ఒక పెద్దాయన కేక వేసెను. అతనిది దురుద్దేశము కాదు. కంటికి కనబడినది చెప్పెను. మరునాటి ఉదయము పొలము గట్టున ఒక పడుచువాడు ముఖము కప్పుకొనకయే మందు కొట్టుచు, తోటివారిని నవ్వించుటకు ఆ బొమ్మవలె మూతి త్రిప్పి, ‘‘గుడ్డ కట్టుకో అబ్బాయ్’’ అనుట మేము కన్నులార చూచితిమి. మేము ప్రాణములు కాపాడుటకు వ్రాసిన మాట హాస్యమైపోయినది. తప్పు మా పల్లెవారిది కాదు. రెండు పెదవులను సరిగా మూయింపలేని మాదే.

పిదప మేము ఒక వృద్ధుడగు తోలుబొమ్మలాట కళాకారుని దర్శించి మా చిత్రమును చూపితిమి. ఆయన రెండుమార్లు చూచి, ‘‘బాబూ, మీ బొమ్మ మాట వచ్చినాక నిద్ర లేస్తంది. మాటకు ముందర అది ఊపిరి తీసుకోవాల. నోరు సంగతి తర్వాత, ముందు మెడ కదిలించండి,’’ అనెను. మేము తిరిగి వచ్చి కాగితమును ప్రక్కన పెట్టి, రికార్డును ఫ్రేము ఫ్రేముగా వింటిమి. నోటి ఆకారములను తగ్గించితిమి. నాలుగు పెదవి మూతలను మాత్రము తప్పక నిలిపితిమి. నోటిని రెండు ఫ్రేములు ముందునకు జరిపితిమి. మాటకు ముందు తల్లి తల ఎత్తి కుమారునివంక చూచునట్లు, ‘గుడ్డ’ యనునప్పుడు భుజముమీది తువ్వాలును తీయునట్లు గీయించితిమి.

రెండవమారు చూపినప్పుడు నోటిని గురించి ఎవరును ఒక్క మాట అనలేదు. మాకు అంతకంటె మెప్పు లేదు. చిత్రము ముగిసిన పిమ్మట వచ్చిన ప్రశ్నలు వేరు: ‘‘తువ్వాలు ఒకటే సరిపోద్దా? గాలికి ఎదురుగా కొట్టొచ్చా? చేతులకేం వేసుకోవాల?’’ తువ్వాలు ఒక్కటే చాలదనియు, తగిన ముసుగును చేతితొడుగులును అవసరమనియు, గాలికి ఎదురుగా కొట్టరాదనియు వ్యవసాయము తెలిసినవారు అచ్చటనే చెప్పిరి. పెదవి కుదిరినందున మాట చెవికెక్కినది. మాట చెవికెక్కినందున ప్రశ్న పుట్టినది.

ఈ అనుభవమునుండి మనము పెద్ద తెరవంకకు చూపు సారింతము. నేడు మన పిల్లలు చూచు బొమ్మలలో పెక్కు ఇతర భాషలకు నోరు గీయబడినవి. ఇంగ్లీషు పిల్లవాడు తల్లిని ‘మామ్’ అని పిలుచును. మొదటను చివరను పెదవులు మూసికొనును. మన పిల్లవాడు ‘అమ్మ’ అనును. నడుమ మూసికొని, చివర నోరు తెరచును. తెలుగు అజంతభాష. మన మాట దాదాపు ఎల్లప్పుడు తెరచిన నోటితో ముగియును. హల్లుతో మూసికొను పరాయి నోటిలో దానిని ఇరికించుటకు డబ్బింగు రచయిత పడు పాటు చిన్నది కాదు. ఆ పాటులోనుండియే ‘మిత్రమా’ వంటి పిలుపులు పుట్టినవి. పర్చూరులోగాని, దర్శిలోగాని, ఒకడు తన స్నేహితుని ‘మిత్రమా’ అని పిలుచుట మేము వినలేదు. ‘ఒరేయ్’ అందురు, ‘బావా’ అందురు, ‘అబ్బాయ్’ అందురు. తెరమీది నోటి పొడవునకు చాలునట్లు సాగదీసిన మాటలు పిల్లల చెవిలో దిగి, తుదకు ఇదియే మంచి తెలుగు కాబోలునని వారు తలచు దశ వచ్చినది. రచయితను నిందించుట న్యాయము కాదు. అతనికి ఇచ్చిన నోరే మనది కాదు.

మనకు నేర్పు లేకపోలేదు. 2006 నాటి తెలుగు బొమ్మల చిత్రము ‘కిట్టు’ జాతీయ పురస్కారమును పొందినది. 2008 నుండి దేశమంతటి పిల్లలకు పరిచితుడైన ‘ఛోటా భీమ్’ హైదరాబాదులోని చిత్రశాలలో పుట్టినవాడే. నేడు కంప్యూటరు మాటను విని నోటి ఆకారములను తానే ఎన్నుకొనుచున్నది. తీసిన చిత్రమునందలి పెదవులను క్రొత్త భాషకు తగినట్లు మార్చు యంత్రములును వచ్చినవి. ఒకే బొమ్మకు హిందీకి ఒక నోరు, తెలుగునకు ఒక నోరు అమర్చుట ఇపుడు అసాధ్యము కాదు. కాని యంత్రము తనకు నేర్పినదానినే చేయును. సున్నకు నాలుగు ఠావులున్నవని, ‘అమ్మ’ లో పెదవి నిలిచియుండునని, గుంటూరు పలుకుబడి వేరు, ఇతర సీమల పలుకుబడి వేరని దానికి నేర్పవలసినవారు తెలుగువారే. ఇంగ్లీషు పట్టికను నమ్మి మేము చేసిన తప్పునే యంత్రము వేయి రెట్లు వేగముగా చేయగలదు.

కావున బొమ్మల విద్య నేర్చుకొను యువకులకు మా మనవి ఇది. అద్దము ఎదుట నిలిచి మీ అమ్మ మాటను పలికి చూడుడు. పెదవి ఎచ్చట మూసికొన్నదో గుర్తించుడు. తరువాత నరసరావుపేట ప్రక్కకు పోయి, తోలుబొమ్మ పట్టిన ముసలిచేయి మాటకు ముందు ఎట్లు లేచునో చూడుడు. ఆ చేతులు నానాటికి తగ్గిపోవుచున్నవి. అవి నేర్పగలిగినది ఏ పట్టికలోను లేదు.

మా చిన్న చిత్రమును రెండవమారు దిద్దిన పిమ్మట ఆ ముసలమ్మకును చూపితిమి. టెలివిజను ధ్వని ఆమెకు అందదు. ఆమె బొమ్మ ముఖమునే చూచుచు కూర్చుండెను. ఆ మాట వచ్చినది. ఆమె మా వంకకు తిరిగి, ‘‘మూతికి గుడ్డ కట్టుకోమంటంది,’’ అనెను. చేయి చూచి గ్రహించెనో, పెదవి చూచి గ్రహించెనో మేము చెప్పజాలము. రెండును ఒకే మాట చెప్పినవి. అదియే మాకు కావలసినది.